బొలెరో వెనక చిన్న క్యాంపింగ్ ట్రెయిలర్: రెడీమేడ్ 950 కిలోలదా, 750 లోపు కట్టించుకోవాలా?

రాయగడ_బొలెరో:

అందరికీ నమస్తే. రాయగడ నుంచి రాస్తున్నాను. ఇంట్లో నలుగురం, పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి అయిదు. బండి బొలెరో, 1.5 లీటర్ల 75 హెచ్‌పీ ఇంజన్. దాని వెనక తగిలించుకుని తిరిగే చిన్న క్యాంపింగ్ ట్రెయిలర్ కావాలి. వెళ్లే చోట్లు కొరాపుట్ వైపు దేవమాలి, డుడుమా, గంజాం వైపు గోపాల్‌పూర్, రంభ, చలికాలంలో దారింగిబాడి. ఏడాదికి పది పన్నెండు రాత్రులు. ఒక్కో ట్రిప్పు మూడు రాత్రులకి మించదు.

నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అమ్మకానికి ఉన్న సెకండ్‌హ్యాండ్ రెడీమేడ్. ఖాళీగా 700, నిండుగా 950 కిలోలు. లోపలే వంటగట్టు, రెండు మంచాలు, నిలబడేంత ఎత్తు. దానికి బ్రేకు లేదు. రెండోది, ఇక్కడే వర్క్‌షాపులో 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పున పడక పెట్టె కట్టించుకోవడం. వంట వెనక తలుపు కింద. పెట్టెలో తల్లీపిల్లలు, పక్కన చిన్న టెంటులో నేను. నిండు బరువు 750 లోపు ఉంచాలని ఆలోచన.

అడగాలనుకున్నవి: ఈ బండికి ఏది తగినది? 750 కిలోలకి కూడా బ్రేకు తప్పదా? ఇరుసు, కమాన్లు ఎలాంటివి వేయించాలి? ఇంట్లో ఇన్వర్టర్‌ది 150 ఏహెచ్ ట్యూబులార్ బ్యాటరీ ఖాళీగా ఉంది, అది పెట్టుకోవచ్చా? నీళ్లు ఎన్ని మోయాలి?


సాలూరు_ఘాట్:

రాయగడ తమ్ముడూ, రెండోదే కట్టించు. కారణం ఇంజన్ కాదు. 210 ఎన్ఎం టార్కుతో బొలెరో 950 కిలోలని ఎక్కిస్తుంది, కాస్త నెమ్మదిగా ఎక్కిస్తుందంతే. చూడాల్సింది దిగేటప్పుడు ఆపగలదా అని. సాలూరు నుంచి పొట్టంగి మీదుగా కొరాపుట్ వెళ్లే రోడ్డు సంగతి నీకు చెప్పక్కర్లేదు. ట్రెయిలర్‌తో తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష.

లెక్క ఇలా వేసుకో. పన్నెండు మీటర్లకి ఒక మీటరు వాలున్న రోడ్డు మీద 950 కిలోల ట్రెయిలర్ బండిని వెనకనుంచి దాదాపు 79 కిలోల బలంతో తోస్తూనే ఉంటుంది. 750 కిలోలదైతే 62. అది సరళరేఖలో తోస్తే ఫరవాలేదు. హెయిర్‌పిన్ మలుపులో బ్రేకు మీద కాలుండగా ఏటవాలుగా తోస్తుంది, బండి వెనక భాగం పక్కకి జరిగేది అప్పుడే. ఇక వేడి: 750 కిలోలు 700 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి గది వేడిలో ఉన్న 15 లీటర్ల నీళ్లని మరిగించడానికి సరిపోతుంది. గాలి, టైర్ల రాపిడి, ఇంజన్ కొంత మింగినా మిగిలిందంతా బ్రేకుల్లోకే పోతుంది. ట్రెయిలర్‌కి బ్రేకు లేకపోతే ఆ భారం బొలెరో ముందు డిస్కుల మీదా వెనక డ్రమ్ముల మీదా, బండి సొంత బరువు వేడికి అదనంగా పడుతుంది.

ఐరోపాలో 750 కిలోల దాకా బ్రేకు లేని ట్రెయిలర్‌ని ఒప్పుకుంటారు. దాన్ని పట్టుకుని ఇక్కడ కూడా చాలామంది ‘750 లోపు అక్కర్లేదు’ అంటారు. బరంపురం, ఇచ్ఛాపురం, గోపాల్‌పూర్ మధ్య చదును రోడ్ల మీదే తిరిగేవాళ్లకి ఆ మాట నడుస్తుంది. నీ జాబితాలో దేవమాలి, దారింగిబాడి ఉన్నాయి కాబట్టి ఓవర్‌రన్ బ్రేకు పెట్టించు, బేరం లేదు.

ఓవర్‌రన్ అంటే: బండి నెమ్మదించగానే ట్రెయిలర్ ముందుకి తోస్తుంది, దాని ముక్కున ఉన్న కప్లింగ్ కడ్డీ (బండి వెనకున్న ఉక్కు గుండుకి, అంటే బాల్‌కి, తగులుకునే భాగం) లోపలికి జారుతుంది, ఆ కదలిక రాడ్డునీ కేబుల్‌నీ లాగి డ్రమ్ముల్లో షూలని విప్పుతుంది. కరెంటు పని లేదు. కానీ ఘాట్ దిగేంతసేపూ కప్లింగ్ నొక్కుకునే ఉంటుంది, అంటే ట్రెయిలర్ డ్రమ్ములకి విశ్రాంతి ఉండదు. గేరు ఒక్కటే చాలదు, వేగం తగ్గాలి. వేగం సగమైతే నిమిషానికి పుట్టే వేడి కూడా సగమవుతుంది, డ్రమ్ముకి చల్లారే వ్యవధి దొరుకుతుంది. పైనుంచే రెండో గేరో మూడో గేరో వేసి దిగు. మధ్యలో గేరు వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకు. సగం దారిలో వెడల్పున్న చోట పది నిమిషాలు ఆపు. ఆపినప్పుడు కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోయకు, హ్యాండ్‌బ్రేకు బిగించి వదిలేయకు. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టు.

షూలు ‘ఆటో రివర్స్’ రకం అడుగు. కాకపోతే రివర్సు చేసిన ప్రతిసారీ కప్లింగ్ నొక్కుకుని బ్రేకు పట్టేస్తుంది, ఎత్తు మీదకి వెనక్కి తోయడం అసాధ్యం.

కట్టించేటప్పుడే రెండు గొలుసులు, ఒక తెగుడు కేబుల్ కూడా పెట్టించు. గొలుసులు కప్లింగ్ కింద కత్తెరలాగా అడ్డంగా తగిలించాలి. బాల్ ఊడితే ముక్కు రోడ్డుని తాకకుండా ఆ కత్తెర మీద వాలుతుంది. తెగుడు కేబుల్ ట్రెయిలర్ హ్యాండ్‌బ్రేకుకి కట్టి ఉంటుంది, ట్రెయిలర్ ఊడిపోతే దాన్ని లాగి బ్రేకు పట్టిస్తుంది. దాని రెండో కొస బండి చాసిస్‌కి ఉన్న స్థిరమైన రింగుకి తగిలించాలి, బాల్ మెడకి చుట్టడం తప్పు. బాల్‌తో పాటే అదీ ఊడిపోతే దానివల్ల ప్రయోజనం ఏముంది?


పర్లాకిమిడి_ఫ్యాబ్రికేషన్:

పై అన్నగారి మాటకి నాదీ ఓటు. ఇక కట్టే పని గురించి.

చాసిస్‌కి 80×40×3 మి.మీ. స్టీలు పైపు చాలు. మీటరుకి 5.4 కిలోల చొప్పున పడుతుంది. వర్క్‌షాపు వాళ్లు ‘గట్టిగా ఉండాలి’ అని 5 మి.మీ. మందం, సీ ఛానల్ అంటారు. ట్రాక్టర్ ట్రాలీ అలవాటు అది. ఒప్పుకున్నారా, పెట్టె ఎక్కకముందే 200 కిలోలు దాటిపోతుంది. బలం మందంలోకంటే ఆకారంలో ఉంటుంది: ముక్కు ఒకే పైపుగా కాకుండా ఏ అక్షరం ఆకారంలో రెండు కాళ్లుగా ఉండాలి, ఆ కాళ్లు మొదటి అడ్డపైపు దగ్గర ఆగిపోకుండా రెండో అడ్డపైపు దాకా పోవాలి.

చీలిక ఎప్పుడూ ఒకేచోట మొదలవుతుంది: ముక్కు కాలు మొదటి అడ్డపైపుని కలిసేచోట, కింది వైపు. గతుకు పడ్డప్పుడల్లా అక్కడ లోహం సాగుతుంది, దాని మీద అడ్డంగా వెల్డింగు గీత ఉంటే ఆ గీత అంచునుంచే వెంట్రుకంత పగులు పుడుతుంది. అందుకే కింది ముఖం మీద అడ్డ వెల్డింగు వేయనివ్వకండి, పక్క ముఖాల మీద నిలువుగా వేయించండి. ఏ నాలుగైదు వందల కిలోమీటర్లకో ఒకసారి అక్కడ గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. పెయింటు మీద తుప్పురంగు సన్నగీత కనబడితే అది ధూళి కాదు.

ఇరుసు విషయంలో పెద్ద తప్పు జరిగేది పాత సామాను దగ్గర. పాత మినీ ట్రక్కు వెనక ఇరుసు, కమాన్ పట్టీలు చవకగా దొరుకుతాయి, అవి టన్ను బరువు మోయడానికి చేసినవి. 600 కిలోల ట్రెయిలర్ కింద అవి వంగవు. వంగని కమాను కమాను కాదు, ఇనుప దూలం. ప్రతి గతుకుకీ చక్రం గాల్లోకి లేస్తుంది, లోపల స్క్రూలు వదులవుతాయి, గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు కూడా పట్టదు. మీ నిండు బరువుకి తగ్గ పట్టీలు వేయించి, షాక్ అబ్జార్బర్లు కూడా పెట్టించండి. రబ్బరు టోర్షన్ ఇరుసు మెత్తగా ఉంటుంది, నిజమే. అది పాడైతే సెమిలిగుడలో బాగుచేసేవాళ్లు దొరకరు. కమాన్ పట్టీ విరిగితే ఏ లారీ షెడ్డులోనైనా పని అయిపోతుంది.

ఇరుసు పెట్టాల్సిన చోటు: పెట్టె పొడవులో ముందునుంచి దాదాపు 60 శాతం దగ్గర. వంట సామానంతా వెనక ఉంటుంది కాబట్టి దీనికంటే ముందుకి జరపనివ్వకండి. చక్రాలు బొలెరోవే, 215/75 ఆర్15, అదే బోల్టు వరస ఉండేలా హబ్ తీసుకోండి. ఒక స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది. నేల ఎత్తు కాస్త పెరుగుతుంది, ఫరవాలేదు.

నేలకి ఐఎస్ 710 మెరైన్ ప్లై 12 మి.మీ., పక్కలకి 9. 12 మి.మీ. షీటు 8×4 అడుగులది 25 కిలోలు తూగుతుంది, 18 మి.మీ.దైతే 37. ఎక్కడ చూసినా 18 వాడటం వడ్రంగి అలవాటు, మంచం పలకలకి కూడా అది అనవసరం. మామూలు ఎంఆర్ ప్లై వాడితే కొరాపుట్ వానలకి రెండు సీజన్లలో పొరలు విచ్చుకుంటాయి. కోసిన ప్రతి అంచుకీ ఎపాక్సీ గానీ రెండు పూతల ప్రైమర్ గానీ పట్టించాకే బిగించాలి. నీళ్లు దిగేది ముఖంలోంచి కాదు, అంచులోంచి.

పైకప్పు స్క్రూల చుట్టూ సిలికాన్ పూయిస్తారు. వద్దు. ఎండకి అంచు లేస్తుంది, ఆ తర్వాత దాని మీద ఏదీ అతకదు, కొత్త సిలికాన్ కూడా. కింద బ్యూటైల్ టేపు, పైన పాలీయురేథేన్ సీలెంట్ వాడండి. పరీక్షకి ఇద్దరు కావాలి: ఒకరు పైపుతో కిందినుంచి పైకి, ఒక్కో అతుకు దగ్గర మూడు నిమిషాలు నీళ్లు కొట్టాలి, ఇంకొకరు లోపల టార్చితో చూడాలి. పైనుంచి మొదలుపెడితే కారుతున్నది ఏ అతుకో తెలియదు.

ఎర్రమట్టి ధూళి గురించి ఎవరూ ముందు ఆలోచించరు. పరుగులో ట్రెయిలర్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, వెనక తలుపు సందులోంచి ధూళి లోపలికి పీల్చుకుంటుంది. సీలు ఎంత బిగించినా ఆపలేం. పైకప్పు ముందు భాగంలో గాలికి ఎదురుగా తెరుచుకునే చిన్న వెంటు, దానికి ఫోం ఫిల్టరు పెట్టండి. పరుగులో అది లోపల ఒత్తిడి పెంచుతుంది, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. దీన్ని ముందే చెప్పి పెట్టించుకోకపోతే మొదటి దేవమాలి ట్రిప్పుకే బియ్యం డబ్బా నుంచి దుప్పటి దాకా ఎర్రగా అయిపోతుంది.

హిచ్, అంటే బండికి ట్రెయిలర్ తగిలించే బ్రాకెట్ విషయం. 50 మి.మీ. బాల్, బ్రాకెట్ బొలెరో చాసిస్ పట్టీలకే బోల్టులతో, వెనక ప్లేట్లు పెట్టి బిగించాలి. 8.8 గ్రేడుకి తక్కువ బోల్టులు వద్దు. బంపర్‌కి బిగించిన బాల్ కేవలం అలంకారం.


రాయగడ_బొలెరో:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. బరువుల లెక్క వేశాను, ఒకసారి చూడండి. ఖాళీ ట్రెయిలర్ 480. పరుపులు 25, లిథియం బ్యాటరీ అయితే 12, సోలార్ పలక 12, నీళ్లు 60, గ్యాస్ 12, వంట సామాను 30, ఫ్రిజ్ తిండితో కలిపి 27, టెంటూ పందిరీ 30, బట్టలు 30, పనిముట్లూ జాకీ 20, స్టెప్నీ 22. సామాను 280, మొత్తం 760. పది కిలోలు దాటింది. స్టెప్నీ వెనక తలుపు మీద పెట్టాలనుకుంటున్నాను, చూడటానికి కూడా బాగుంటుంది.


సాలూరు_ఘాట్:

కాగితం మీద పది కిలోలు దాటితే కాటా మీద యాభై దాటుతుంది. అందరి విషయంలోనూ ఇంతే, పెయింటు, స్క్రూలు, సీలెంట్, కర్టెన్లు ఎవరూ రాయరు. తగ్గించడానికి తేలికైనది నీళ్లు. దారిలో 20 లీటర్లే మొయ్యి, దిగే ఊళ్లో నింపుకో. 40 కిలోలు అక్కడే పోతాయి.

స్టెప్నీ వెనక తలుపు మీద వద్దు. ముక్కు మీద పడే బరువు మొత్తం బరువులో 8 నుంచి 10 శాతం ఉండాలి, 750కి 60 నుంచి 75 కిలోలు. హిచ్ మీదా కప్లింగ్ మీదా ముద్రించిన పరిమితి అంతకంటే తక్కువుంటే అదే నీ హద్దు. ఇరుసునుంచి బాల్ దాకా 2.8 మీటర్లు, స్టెప్నీ ఇరుసుకి 1.1 మీటర్లు వెనక అనుకో. 22ని 1.1తో హెచ్చించి 2.8తో భాగించు: ముక్కు మీదనుంచి దాదాపు 9 కిలోలు లేచిపోయాయి. ఇలాగే 40 కిలోల సామాను వెనక పెట్టెలోంచి, అంటే ఇరుసుకి 0.9 మీటర్లు వెనకనుంచి, ఇరుసుకి అర మీటరు ముందుకి జరిపితే ముక్కు మీద 20 కిలోలు పెరుగుతుంది. ట్రెయిలర్ తోక ఊపడానికీ, అంటే పరుగులో అటూ ఇటూ ఊగడానికీ, ఊపకపోవడానికీ తేడా అంతే, ఒక్క పెట్టె స్థానం.

తూచడానికి ఏమీ కొనక్కర్లేదు. బియ్యం మిల్లులో ప్లాట్‌ఫాం కాటా ఉంటుంది. ట్రెయిలర్‌ని చదునుగా నిలిపి, చక్రాలకి దిమ్మలు వేసి, కప్లింగ్ కింద ఒక పైపు ముక్క నిలబెట్టి ఆ పైపుని కాటా మీద ఆనించు. కప్లింగ్ ఎత్తు సరిగ్గా బాల్ ఎత్తుకే ఉండాలి. ఎత్తు మారితే అంకె మారుతుంది. మొత్తం బరువు లారీ కాటా మీద చూసుకో.

తోక ఊపడం మొదలైతే బండి బ్రేకు తొక్కకు, స్టీరింగుతో సర్దబోకు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగు నిటారుగా పట్టుకో. 70 దాటి పోవద్దు, దిగుడులో అసలే వద్దు. దిగుడులో వేగం పెంచి ‘లాగి సరిచేద్దాం’ అనే సలహా ఎవరైనా ఇస్తే వినకు.


జయపురం_12ఓల్ట్స్:

బ్యాటరీ సంగతి నేను చెప్తాను. ఇంటి ట్యూబులార్ వద్దే వద్దు. బరువు 55 కిలోలకి పైనే, కుదుపులకి యాసిడ్ చిందుతుంది, ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అది పిల్లలు పడుకునే పెట్టెలో. పైగా సగానికి మించి వాడితే ఆయుష్షు పోతుంది. 12.8 ఓల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. 1280 వాట్‌అవర్లు, అందులో వెయ్యికి పైగా నిశ్చింతగా వాడుకోవచ్చు.

మీ రోజువారీ ఖర్చు: 35 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లు, ఎండాకాలం గంటలో 20, 25 నిమిషాలు నడుస్తుంది, రోజుకి 400. 12 ఓల్టుల బీఎల్‌డీసీ ఫ్యాను 15 వాట్లు, ఎనిమిది గంటలకి 120. మూడు ఎల్ఈడీ దీపాలు 60. ఫోన్లు 60. పంపు 15. మొత్తం 655. 200 వాట్ల పలక, మన దగ్గర మంచి ఎండకి నాలుగున్నర గంటల పూర్తి వెలుగు, నష్టాలు పోను మూడు వంతుల చొప్పున 675 ఇస్తుంది. సరిగ్గా సరిపోయింది అనుకోకండి, వానాకాలం మబ్బులో ఇందులో సగం కూడా రాదు. అందుకే బండి నడుస్తున్నప్పుడు ఛార్జి చేసే 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జరు కూడా కావాలి. రెండు గంటల ప్రయాణం అంటే దాదాపు 500 వాట్‌అవర్లు, మబ్బు రోజున అదే ఆధారం.

పలకని పైకప్పుకి బిగించేయకండి. మీరు ట్రెయిలర్ నిలిపేది చెట్టు నీడలో, పలకకి కావలసింది ఎండ. ఒక కొమ్మ నీడ పడినా వచ్చేది బాగా పడిపోతుంది. 10 మీటర్ల కేబులుతో విడిగా ఎండలో పరిచే పలక తీసుకోండి.

ఇక వైర్లు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బండి బ్యాటరీ నుంచి ఛార్జరు దాకా 6 మీటర్లు, వెళ్లి రావడం కలిపి 12 మీటర్ల రాగి. ఇళ్లకి వాడే 2.5 చ.మి.మీ. వైరు వేస్తే 20 ఆంపియర్ల దగ్గర 1.7 ఓల్టులు దారిలోనే పోతాయి, ఛార్జరు ‘వోల్టేజీ లేదు’ అని ఆగిపోతుంది. 6 అయితే 0.7 పోతుంది, 16 అయితే 0.26. 16 వేయండి. ఫ్రిజ్‌కి విడిగా 4 చ.మి.మీ. లాగండి. దీపాలతో కలిపితే కంప్రెసర్ లేచినప్పుడల్లా దీపాలు కునుకుతాయి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు రక్షించేది వైరుని, పరికరాన్ని కాదు.

మిక్సీ కోసం ఇన్వర్టర్ అడగబోతున్నారని తెలుసు, అందరూ అడుగుతారు. రెండు నిమిషాల పచ్చడి కోసం వెయ్యి వాట్ల ఇన్వర్టర్, వేలెడంత లావు వైర్లు ఎందుకు? పచ్చళ్లు ఇంటి దగ్గరే రుబ్బి తీసుకెళ్లండి.

వెనక దీపాలకి 7 పిన్నుల సాకెట్ 12ఎన్ వరస: 1 ఎడమ ఇండికేటరు పసుపు, 2 ఫాగ్ నీలం, 3 ఎర్త్ తెలుపు, 4 కుడి ఇండికేటరు ఆకుపచ్చ, 5 కుడి టెయిల్ గోధుమరంగు, 6 బ్రేకు ఎరుపు, 7 ఎడమ టెయిల్ నలుపు. బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలుగుతోంది, టెయిల్ మసకబారుతోంది అంటే బల్బులు మార్చకండి, 3వ పిన్ను తెల్ల వైరు చూడండి. ఎర్త్ దొరకక కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటోందన్నమాట. ఎర్త్‌ని బాల్ మీద, గ్రీజు మీద వదిలేయకుండా విడిగా వైరుతో లాగాలి. 


బరంపురం_తీరం:

గోపాల్‌పూర్, రంభ వైపు వస్తారు కాబట్టి రెండు మాటలు. చాసిస్‌కి పెయింటు కాదు, హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించండి, వెల్డింగు, రంధ్రాలు అన్నీ అయిపోయాక. తర్వాత డ్రిల్లు వేస్తే ఆ రంధ్రమే తుప్పుకి వాకిలి. మూసిన పైపులకి గాలి రంధ్రాలు ముందే ఉంచమని చెప్పాలి, లేకపోతే కరిగిన జింకులో ముంచినప్పుడు లోపలి గాలి, తేమ వ్యాకోచించి పైపు పేలుతుంది. తీరం నుంచి ఇంటికెళ్లగానే మంచినీళ్లతో అడుగు, కమాన్లు, బ్రేకు డ్రమ్ముల వెనక కడగండి.

ఇసుకలోకి ట్రెయిలర్‌తో దిగొద్దు. బొలెరో ఒక్కటే బయటికి రాగలదు, తగిలించుకుని రాలేదు.

దసరా సెలవులకి సముద్రం ఒడ్డున బస పెట్టుకోవద్దు. 2013 ఫైలిన్ అక్టోబరు 12న, 2018 తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి, రెండూ మన పక్కనే. డిసెంబరు, జనవరి రండి.


గుణుపురం_వంటిల్లు:

నీళ్లూ గ్యాసూ మిగిలిపోయాయి, నేను రాస్తాను.

నలుగురికి తాగడానికి 12 లీటర్లు, వంటకి 7, గిన్నెలకి 10, చేతులూ ముఖాలకి 11. రోజుకి 40. స్నానం ఇందులో లేదు. 60 లీటర్ల ఫుడ్‌గ్రేడ్ ట్యాంకు ఇరుసుకి కొద్దిగా ముందు, నేలకి వీలైనంత దగ్గరగా బిగించండి. దారిలో 20 లీటర్లే ఉన్నప్పుడు ట్యాంకు వెడల్పుగా ఉంటే నీళ్లు మలుపుల్లో పక్కలకి కొట్టుకుంటాయి, సన్నగా పొడుగ్గా ఉన్నది, లేదా లోపల అడ్డుపలకలున్నది తీసుకోండి. పంపుకి ముందు జాలీ తప్పనిసరి. ఊరి బోరు నీళ్ల ఇసుక డయాఫ్రం వాల్వులో చిక్కితే పంపు ఆగకుండా టకటక కొట్టుకుంటూ బ్యాటరీ తింటుంది. కుళాయి కట్టి ఉన్నా పంపు ప్రతి రెండు నిమిషాలకీ ఒకసారి కొట్టిందంటే ఎక్కడో చుక్క కారుతోంది.

సీజన్ మొదట్లో 60 లీటర్ల నిండు ట్యాంకుకి 5 శాతం క్లోరిన్ బ్లీచ్ ద్రావణం 60 మి.లీ. కలపండి. అన్ని కుళాయిల్లోంచీ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగేయండి. సువాసన కలిపిన బ్లీచ్ వద్దు.

గ్యాస్ 5 కిలోల సిలిండరు, పడక పెట్టెలో కాదు. ముక్కు మీద విడి పెట్టెలో నిలువుగా, పట్టీతో బిగించి. ఎల్పీజీ గాలికంటే బరువు, కారితే నేలకి దిగి నిలిచిపోతుంది, అందుకే ఆ పెట్టె అడుగున రెండు అంగుళాల రంధ్రం ఉండాలి, పక్కన వెంటు పెట్టి లాభం లేదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న సురక్షా ట్యూబు వేయండి. ప్రయాణం తర్వాత ప్రతిసారీ సబ్బునీళ్లతో అతుకులు చూడండి. పరుగులో రెగ్యులేటర్ ఆఫ్ చేసి ఉండాలి.

దారింగిబాడిలో డిసెంబరు రాత్రులకి చలి ఎక్కువ. కుంపటి గానీ గ్యాస్ పొయ్యి గానీ లోపల పెట్టి తలుపు వేసుకోవద్దు. 8×5 పెట్టెలో కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే పనిచేస్తుంది, వాసన ఉండదు. బొగ్గు నివురుగప్పినా అది వస్తూనే ఉంటుంది. గోడల మధ్య 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోం, మందపు బొంతలు చాలు. పైనొకటి కిందొకటి వెంట్లు చలిలో కూడా తెరిచే ఉంచండి, లేకపోతే ఊపిరి తేమ కప్పుకి పట్టి తెల్లారేసరికి పరుపు అంచులు తడిసిపోతాయి. వెంట్లకి సన్న దోమతెర వేయించండి. కొరాపుట్, రాయగడ అడవి అంచుల్లో మలేరియా ఉంది, పిల్లలున్నారు.

ఇంకో మాట. చెట్టు చూసి ట్రెయిలర్ నిలపండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్టు కింద వద్దు, రాలిన పువ్వు తినడానికి ఎలుగుబంట్లు వస్తాయి. పండే పనస కింద కూడా వద్దు. గజపతి జిల్లా లఖారీ లోయ వైపు ఏనుగులు తిరుగుతాయి. బియ్యం, బెల్లం, ఉప్పు, అరటిపళ్లు రాత్రి టెంటులో పెట్టుకోకుండా మూసిన డబ్బాల్లో బొలెరోలో పెట్టండి.


రాయగడ_బొలెరో:

స్టెప్నీ బొలెరో సొంతదే వాడుకుంటాను, రెండోది మోయను. ట్యాంకు, బ్యాటరీ ఇరుసుకి ముందు. కాగితాల సంగతి, మొదటి ప్రయాణానికి ముందు చూసుకోవాల్సినవి కూడా చెప్తే వర్క్‌షాపుకి రేపే వెళ్తాను.


పర్లాకిమిడి_ఫ్యాబ్రికేషన్:

కాగితాలు ముందు, ఇనుము తర్వాత. మోటారు వాహనాల చట్టం 1988లో ‘మోటారు వాహనం’ అన్న నిర్వచనంలోనే ట్రెయిలర్ కూడా ఉంది, కాబట్టి రిజిస్ట్రేషను, నంబరు ప్లేటు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. డ్రాయింగు, బరువు, బ్రేకు వివరాలు పట్టుకుని ఆర్టీవో దగ్గర, బొలెరో హిచ్ గురించి మీ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర, అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. కట్టేశాక ‘ఇలా కుదరదు’ అంటే పెట్టెని ఇంట్లో పెట్టుకోవాల్సిందే. నడుస్తున్న ట్రెయిలర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టకూడదు, పిల్లలు నిద్రపోతున్నా సరే.

మొదటి పరుగు ఖాళీగా 30 కిలోమీటర్లు, చదును రోడ్డు మీద. ఆపగానే రెండు హబ్బులూ చేత్తో ముట్టుకోండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే మంచిది. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతోందంటే బేరింగు మరీ బిగించారు, లేదా ఆ వైపు బ్రేకు షూ రాసుకుంటోంది. తేడా తెలియాలంటే ఆ చక్రం జాకీతో లేపి చేత్తో తిప్పండి: రాపిడి చప్పుడు వస్తే షూ, చప్పుడు లేకుండా బరువుగా తిరిగితే బేరింగు. బేరింగు నట్టు చక్రం తిప్పుతూ బిగించి, తర్వాత కాటర్ పిన్ను పట్టే మొదటి గాడి దాకా వెనక్కి వదలాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే వేలికి తెలిసీ తెలియనంత కదలిక ఉండాలి. చక్రం నట్లు మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి, కొత్త రిమ్ము పెయింటు నలిగి వదులవుతాయి.

బసలో దిగాక వరస తప్పొద్దు. బండికి తగిలించి ఉండగానే పల్లం వైపు చక్రం కింద పలక వేసి అడ్డంగా చదును చేయండి, తర్వాత చక్రాలకి దిమ్మలు వేసి అప్పుడు బాల్ విడదీయండి, ముక్కు దగ్గరి జాకీతో నిలువు చదును, చివరికి నాలుగు మూలల కాళ్లు. ఆ కాళ్లు ఊగకుండా ఆపడానికే. వాటితో ట్రెయిలర్‌ని ఎత్తితే చాసిస్ మెలికపడి వెనక తలుపు మూసుకోదు.

రివర్సుకి స్టీరింగు అడుగున చెయ్యి పట్టండి. చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ వెనక అటు పోతుంది. మెలిక మరీ ఎక్కువ పడుతోందనిపిస్తే ఆపి ముందుకి లాగండి, వెనక్కే సర్దబోతే బొలెరో మూల ట్రెయిలర్ ముక్కుని కొడుతుంది. ఖాళీ మైదానంలో రెండు ఇటుకల మధ్యకి ఇరవైసార్లు పెట్టాక ఘాట్ రోడ్డు ఎక్కండి.